అణువిద్యలో అంతర్జాతీయ సహకారం – మన డెల్టా అనుభవం

తెలుగుదేశపు విజ్ఞానశాస్త్ర చరిత్ర ఇంతవరకూ ఎక్కువగా మహనీయుల చరిత్రగానే రాయబడుతూ వచ్చింది. ఫలానా ఊళ్ళో పుట్టాడు, కష్టపడి చదివాడు, సీమకు వెళ్ళాడు, పేరు తెచ్చాడు – ఇంతటితో సరి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, వాళ్ళు ఎందుకు నేర్పారు, ఏ షరతుల మీద నేర్పారు, నేర్చుకున్నది ఇక్కడికి వచ్చి ఏమైంది అన్న ప్రశ్నలు ఈ చరిత్రల్లో సాధారణంగా కనిపించవు. ఇతర శాస్త్రాల సంగతి ఎలా ఉన్నా, అణుశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రశ్నలు వేసుకోకుండా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. ఇరవయ్యో శతాబ్దంలో దేశాలు ఒకదానికొకటి నేర్పుకున్న విద్యల్లో ఇంత ఆర్భాటంగా నేర్పినదీ, ఇంత భయపడుతూ నేర్పినదీ, నేర్పి మళ్ళీ తలుపులు మూసుకున్నదీ బహుశా మరొకటి లేదు.

మన ప్రాంతం నుంచి ఈ శాస్త్రంలోకి వెళ్ళిన తొలి తరంలో ముఖ్యుడు స్వామి జ్ఞానానంద. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, యవ్వనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి సన్యసించి, ఆ తర్వాత ఐరోపాలో భౌతికశాస్త్రం చదివి, చివరికి విశాఖపట్నంలో అణుభౌతిక శాస్త్ర శాఖను స్థాపించినవాడు. ఈయన విషయంలో మనవాళ్ళు రెండు రకాలుగా ప్రవర్తించారు. భక్తులు ఆయన విజ్ఞానాన్ని తపఃఫలంగా చెప్పుకున్నారు. హిమాలయాల్లో దొరికిన జ్ఞానమే లివర్‌పూల్‌లో ప్రయోగంగా మారినట్టు మాట్లాడారు. అభ్యుదయవాదులు ఆ కాషాయం చూసి కాస్త ఇబ్బంది పడి, పేరెత్తకుండా పక్కకు తప్పుకున్నారు. ఈ రెండు వైఖరుల వల్లా జరిగిన నష్టం ఒకటే. ఆ మనిషి చేతికి పని నేర్పిన ప్రయోగశాలలు మన దృష్టికి రాకుండా పోయాయి.

గొరగనమూడి గోదావరి డెల్టాలోది కదా, కృష్ణా డెల్టా చరిత్రలో దాని ప్రసక్తి ఏమిటని బెజవాడ మిత్రులు అడగవచ్చు. జిల్లాల సరిహద్దులు నిన్నమొన్నటివి. భీమవరం తాలూకా 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లాలోనే ఉంది. ఏలూరు కాలువ రెండు నదుల నీటినీ కలిపినట్టే, కాలువల కింద పెరిగిన వ్యవసాయమూ, దానితో వచ్చిన చదువులూ ఈ రెండు డెల్టాలనూ ఒకే సమాజంగా చేశాయి. నీరు లేనప్పుడు కరువుతో చచ్చిన నేల, నీరు వచ్చాక పిల్లల్ని పరదేశాలకు పంపించగలిగే మిగులు సంపాదించింది. అది ఎవరి శ్రమ మీద మిగిలింది, ఎవరి ఇంట్లో మిగిలింది అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

ఆ ఆనకట్టల దగ్గరే విద్యా సహకారానికి సంబంధించిన తొలి పాఠం కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య, బెజవాడ ఆనకట్ట 1852–55 మధ్య కట్టారు. ఇసుక మేట మీద పునాది ఎలా నిలుస్తుందో తాము కావేరి మీద చోళులు కట్టిన కల్లణను చూసి నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ స్వయంగా ఒప్పుకున్నాడు. అంటే మొదట నేర్పినవాళ్ళం మనమే. కాని ఆ విద్య తెల్లదొర కాగితాల్లోకి ఎక్కిన తర్వాత దాని మీద హక్కు మారిపోయింది. రాళ్ళు మోసినవాళ్ళు కూలీలుగా మిగిలారు, కొలతలు వేసినవాళ్ళు ఇంజనీర్లయ్యారు. 1952లో గండిపడిన ఆ పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బరాజ్ లేచేనాటికి ఇక్కడి ఇంజనీర్లు తయారై ఉన్నారు. మధ్యలో సుమారు నూరేళ్ళు గడిచాయి. ఒక విద్య చేతులు మారడం అంత సులభమైన వ్యవహారం కాదు.

జ్ఞానానంద 1920ల చివర జర్మనీ వెళ్ళింది యోగం, వేదాంతం గురించి ఉపన్యాసాలివ్వడానికి. డ్రెస్డెన్‌లో గణితమూ భౌతికశాస్త్రమూ చదవడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి చెకోస్లొవాకియాలో ప్రాగ్ నగరానికి, చార్లెస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆ విశ్వవిద్యాలయంలో వాత్స్‌లావ్ డొలేషెక్ నడుపుతున్న ఎక్స్-రే వర్ణపట పరిశోధన అప్పటికే పేరు పడింది. డొలేషెక్ తాను స్వీడన్‌లో లుండ్‌కు వెళ్ళి సీగ్బాన్ దగ్గర ఆ విద్య నేర్చుకున్నవాడు. స్వీడన్ నుంచి ప్రాగ్‌కు, ప్రాగ్ నుంచి ఒక తెలుగు సన్యాసికి – మధ్యలో ఒప్పందాలు లేవు, రాయబారులు లేరు, సంతకాలు లేవు. ఒకరి పక్కన ఒకరు నిలబడి పనిచేయడమే ఆ నాటి సహకారం.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అణువిద్య అనగానే మన సాహిత్యకారులకు సమీకరణాలూ, పుట్టగొడుగులాంటి మేఘమూ తప్ప మరేమీ మనసులో మెదలవు. ఎక్స్-రేలలో కొన్ని మెత్తటివి, దీర్ఘ తరంగాలవి. వాటిని మామూలు గాలే పీల్చేస్తుంది. అందువల్ల వాటిని కొలవాలంటే పరికరం లోపల గాలి లేకుండా చేయాలి. ఒక పంపు చాలా భాగం గాలిని తోడుతుంది, పాదరసపు ఆవిరితో పనిచేసే రెండో పంపు మిగతాది తోడుతుంది, ద్రవీకరించిన గాలితో చల్లబరచిన గాజు వంపు ఆ ఆవిరిని పరికరంలోకి పోకుండా పట్టి ఆపుతుంది. ఇన్ని చేసినా ఎక్కడో ఒక అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంటే అంతా వృథా. రోజుల తరబడి ఆ సందును వెతకడమే పరిశోధకుడి జీవితం. గాజు ఊదడం, లోహం అతకడం, మైనం పూయడం – ఇవన్నీ కమ్మరివాడి పనీ కంసాలివాడి పనీ కలిసిన విద్య. పుస్తకం చదివి ఇది రాదు. చేసేవాడి చెయ్యి చూడాలి, తన చెయ్యి కాల్చుకోవాలి.

ప్రాగ్‌లో డాక్టరేటు పొందాక ఆయన ఇంగ్లండులో లివర్‌పూల్‌కు, జేమ్స్ చాడ్విక్ దగ్గరకు వెళ్ళాడు. న్యూట్రాన్‌ను 1932లో కనిపెట్టి, 1935లో నోబెల్ బహుమతి పొందిన చాడ్విక్ ఆ ఏడే లివర్‌పూల్‌లో ఆచార్యుడుగా చేరాడు. అక్కడ జ్ఞానానంద చేపట్టింది రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే బీటా కిరణాల వర్ణపటం. బీటా కిరణాలంటే ఎలక్ట్రాన్లే, గాలిలో చెదిరిపోతాయి. వాటిని అయస్కాంతంతో వంచి కొలవాలన్నా మళ్ళీ ఆ శూన్యమే కావాలి. ప్రాగ్‌లో చేతికి పట్టుబడిన విద్య లివర్‌పూల్‌లో ప్రవేశపత్రమయింది. అందులో మహిమ ఏమీ లేదు, పనితనం ఉంది.

చాడ్విక్ కథ కూడా ఇక్కడ చెప్పదగినది. బీటా కిరణాల వర్ణపటం తెగిన గీతలుగా కాక ఎడతెగని పట్టీగా ఉంటుందని ఆయన కనిపెట్టింది 1914లో, బెర్లిన్‌లో, జర్మన్ శాస్త్రజ్ఞుడు గైగర్ దగ్గర శిష్యరికం చేస్తూ. ఆ ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. శత్రుదేశపు పౌరుడన్న కారణంతో ఆయన్ని రూహ్‌లెబెన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. యుద్ధం ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ శిబిరంలో ఆయన, రేడియోధార్మిక పదార్థం కలిపిన పళ్ళపిండి సంపాదించి దానితోనే ప్రయోగాలు చేసుకున్నాడు. అప్పట్లో జర్మనీలో అటువంటి పళ్ళపిండి బజార్లో అమ్మేవారు! గురువు జర్మనీలో నేర్చుకున్నాడు, జర్మనీలోనే ఖైదయ్యాడు, అదే విద్యను పాతికేళ్ళకు ఒక భారతీయుడికి నేర్పాడు.

రెండో గురుపీఠానికి పట్టిన గతి ఇంతకన్నా దారుణం. 1939 నవంబరులో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలన్నిటినీ మూసేశారు. డొలేషెక్ ప్రతిఘటన ఉద్యమంలో పనిచేశాడు. గెస్టపో ఆయన్ని పట్టుకుంది. 1945 జనవరిలో, ప్రాగ్ విముక్తికి నాలుగు నెలల ముందు, తెరెజీన్ చెరలో ప్రాణం విడిచాడు. తెరెజీన్‌లో బలైన మేధావుల గురించి మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాళ్ళలో ఒకాయన నడిపిన ప్రయోగశాల నుంచి విశాఖపట్నానికి ఒక దారి ఉందన్న సంగతి మాత్రం మనం గుర్తు పెట్టుకోలేదు.

యుద్ధకాలంలో జ్ఞానానంద అమెరికా వెళ్ళి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. శూన్యాన్ని సాధించే పద్ధతుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1947లో న్యూయార్కులో అచ్చయింది. సృష్టి అంతా మాయ అని చెప్పడానికి ఐరోపా వెళ్ళిన మనిషి, గాజు గొట్టంలోని శూన్యాన్ని ఎలా కొలవాలో రాసి తిరిగి వచ్చాడు. ఆ ఏడే దేశానికి చేరుకుని, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాడు. 1956లో అక్కడ అణుభౌతిక శాస్త్ర శాఖ మొదలయింది. 1969లో ఆయన చనిపోయాక అక్కడి అణు పరిశోధనాలయానికి ఆయన పేరు పెట్టారు. కాషాయం చివరిదాకా వదలలేదు. వదలాలని మనం శాసించనూ అక్కరలేదు. చరిత్రకారుడు చూడవలసింది బట్టల రంగుని కాదు, ప్రయోగశాలలో విద్యార్థుల చేతికి అందిన పనిని.

ఈ లోగా ప్రపంచం మారిపోయింది. హిరోషిమా తర్వాత అణువిద్య రాజ్యాల సొత్తయింది. బాంబు తయారీలో అమెరికాతో కలిసి పనిచేసిన బ్రిటనుకూ కెనడాకూ కూడా రహస్యాలు చెప్పకూడదని అమెరికా 1946లో చట్టం చేసుకుంది. చాడ్విక్ అంతటివాడు, బ్రిటిష్ బృందానికి నాయకుడుగా వెళ్ళి ఆ బాంబు పనిలో పాల్గొన్నవాడు, తన సహచరుల ముందే తలుపు మూసుకోవడం చూడవలసి వచ్చింది. సోవియట్ యూనియన్ 1949లో తన బాంబు తాను పేల్చుకుంది. రహస్యం అన్నది ఇక రహస్యంగా మిగలదని తేలిపోయాక అమెరికా ఎత్తుగడ మార్చింది. 1953 డిసెంబరు 8న ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో శాంతి కోసం అణుశక్తి అన్న ప్రతిపాదన చేశాడు. మూడు నెలలు తిరగకుండానే, 1954 మార్చి 1న, బికినీ దీవిలో పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాను చేపల పడవ మీద కురిసింది. శాంతి ఉపన్యాసమూ ఆ బూడిదా ఒకే ప్రభుత్వానివి అన్న విషయం ఆ కాలపు సహకారాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి వంటిది.

అయినా ఆ కాలంలో తలుపులు తెరుచుకున్న మాట నిజం. 1955 మార్చిలో అమెరికాలో ఆర్గాన్ ప్రయోగశాల విదేశీయుల కోసం అణుశాస్త్ర పాఠశాల తెరిచింది. ఆ ఆగస్టులో జెనీవాలో జరిగిన మహాసభకు హోమీ భాభా అధ్యక్షత వహించాడు. అంతకు ముందు రహస్యంగా ఉంచిన ఎన్నో లెక్కలు ఆ సభలో రెండు శిబిరాలవాళ్ళూ బయటపెట్టారు. 1956 మార్చిలో సోషలిస్టు దేశాలు కలిసి మాస్కోకు దగ్గర్లో దుబ్నాలో ఉమ్మడి అణు పరిశోధనా సంస్థ పెట్టుకున్నాయి. 1957లో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వెలిసింది. దాని నిబంధనలు తయారవుతున్నప్పుడు, తనిఖీల పేరుతో వెనుకబడిన దేశాలను శాశ్వతంగా కట్టిపడేసే ప్రయత్నం జరుగుతున్నదని భాభా పట్టుబట్టి వాదించాడు. ఇచ్చేవాడు ఎప్పుడూ పైమెట్టు మీద, పుచ్చుకునేవాడు కింద మెట్టు మీద ఉండే సహకారం అది. కింద మెట్టు మీద నిలబడ్డవాడికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

ట్రాంబేలో 1956 ఆగస్టులో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు ఇంధనం బ్రిటను ఇచ్చింది, కట్టింది మాత్రం ఇక్కడివాళ్ళు. దాని నియంత్రణ పరికరాల వెనుక ఉన్న ఎలక్ట్రానిక్స్ బృందానికి పెద్ద అయ్యగారి సాంబశివరావు. ఈయనదీ భీమవరం తాలూకాయే, మోగల్లు; పుట్టింది 1914లో, అంటే ఆ ఊరు కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడు. కాశీలో చదివి, టాటా విద్యార్థి వేతనం మీద 1946లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చేసి, తిరిగివచ్చి భాభా దగ్గర చేరాడు. 1967లో హైదరాబాదులో మొదలైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను నిలబెట్టింది ఆయనే. ఇప్పుడు హైదరాబాదులో ఏ.ఎస్. రావు నగర్ అంటే ఇళ్ళ ధరలు చెప్పగలవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ రావు ఎవరో చెప్పగలవాళ్ళు తక్కువ.

1957 ఆగస్టులో భాభా ట్రాంబేలో శిక్షణ పాఠశాల తెరిచాడు. విశ్వవిద్యాలయాల నుంచి పట్టభద్రుల్ని ఏరి, జీతమిచ్చి, ఏడాది పాటు భౌతికం చదివినవాడికి ఇంజనీరింగూ, ఇంజనీరుకు భౌతికమూ నేర్పి పనిలో పెట్టే పద్ధతి. ప్రతివాణ్ణీ విదేశానికి పంపి తెప్పించుకోవడం కన్నా విదేశంలో నేర్చుకున్న కొద్దిమంది ఇక్కడ వందలమందికి నేర్పడం మేలన్న ఆలోచన అది. చాలా తెలివైన ఆలోచన అనడంలో సందేహం లేదు. కాని దానికి రెండో వైపు ఉంది. పరిశోధన, డబ్బు, రహస్యం అన్నీ ట్రాంబే గోడల లోపలికి పోయాయి. మేఘనాథ్ సాహా 1954లో లోక్‌సభలోనే దీన్ని విమర్శించాడు. అణువిద్య విశ్వవిద్యాలయాల్లో, బహిరంగంగా, విద్యార్థుల మధ్య పెరగాలన్నది ఆయన వాదన. సాహా 1956 ఫిబ్రవరిలో పోయాడు. విశాఖలో జ్ఞానానంద శాఖ మొదలైంది ఆ ఏడే. సాహా కోరిన దారిలో ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం వేసిన ధైర్యమైన అడుగుగా దాన్ని చూడాలి.

ట్రాంబేలోని పెద్ద రియాక్టరు, 40 మెగావాట్ల సైరస్, కెనడా కొలంబో పథకం కింద ఇచ్చినది. భారజలం అమెరికాది. 1960లో పనిచేయడం మొదలుపెట్టింది. మన ఇంజనీర్లు కెనడాలో చాక్ రివర్‌కు వెళ్ళి నేర్చుకున్నారు. పి.కె. అయ్యంగార్ అక్కడే బ్రాక్‌హౌస్ అనే మహా ప్రయోగకర్త దగ్గర న్యూట్రాన్లతో పనిచేశాడు. బ్రాక్‌హౌస్‌కు ఆ కృషికే 1994లో నోబెల్ వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన పరికరంలోని ప్లుటోనియం సైరస్‌లో తయారైనది. ఆ పరికరపు రూపకల్పనలో ప్రధాన పాత్ర అయ్యంగార్‌ది. శాంతియుత ప్రయోగమని మన ప్రభుత్వం చెప్పింది. ఇచ్చిన మాట తప్పారని కెనడా అన్నది, సహకారం నిలిపేసి, 1976లో పూర్తిగా తెంచుకుంది. అమెరికా 1978లో కొత్త చట్టం చేసి తారాపూర్ ఇంధనానికి అడ్డుపడింది.

ఈ తగాదాలో న్యాయం ఎటు ఉందో తేల్చేటప్పుడు మనం దేశభక్తి వేడిలో ఒక సంగతి దాటవేస్తుంటాం. నేర్పినవాడి షరతులు అసమానమైనవి, నిజమే. కాని శాంతి పేరుతో నేర్చుకున్న విద్యను పేలుడుకు వాడటం ఆ షరతులకు జవాబు కాగలదా? హిరోషిమా మీద కవిత్వం రాసిన తరం వాళ్ళలో కూడా కొందరు 1974లో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను నేను ఈ నాటికీ సమర్థించుకోలేను. తలుపులు మూసే అలవాటు ఒక్క శిబిరానిదే అనుకోవడం కూడా పొరపాటు. 1960లో సోవియట్ యూనియన్ చైనాతో విభేదాలు వచ్చి తన నిపుణులందర్నీ ఒక్కసారిగా వెనక్కి పిలిపించుకుంది, పటాలు సైతం పట్టుకుపోయారు. చైనా 1964లో బాంబు పేల్చింది. యంత్రాన్ని ఆపవచ్చు, ఇంధనాన్ని ఆపవచ్చు, మనిషి తలలోకీ చేతిలోకీ వెళ్ళిన విద్యను వెనక్కి పిలిపించుకునే చట్టం ఏ పార్లమెంటూ చేయలేకపోయింది. 1974 తర్వాత మన రియాక్టర్లు ఆలస్యంగానైనా నడిచాయంటే అందుకు ఈ శిక్షణ పొందిన మనుషులే కారణం.

ఇదే కాలంలో కృష్ణా జిల్లా ఆగిరిపల్లెలో 1909లో పుట్టిన సూరి భగవంతం మరో రకం సహకారానికి ప్రతినిధి. రామన్ శిష్యుడు. వాల్తేరులో ఆచార్యుడు. తర్వాత ఉస్మానియా ఉపాధ్యక్షుడు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ డైరెక్టరు, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. వెనుకబడిన దేశాల్లో శాస్త్ర సాంకేతిక విద్యల కోసం అంతర్జాతీయ శాస్త్రసంఘాల మండలి ఏర్పరచిన కమిటీకి అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు. ఆయనా టి. వెంకటరాయుడూ కలిసి సమూహ సిద్ధాంతం మీద రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో వాల్తేరులో అచ్చు వేసింది. అది 1959లో మాస్కోలో రష్యన్‌లోకి అనువాదమయింది. మాస్కో నుంచి బెజవాడకు పుస్తకాలు వచ్చిన చరిత్ర మనందరికీ తెలుసు. వాల్తేరు నుంచి మాస్కోకు వెళ్ళిన ఈ ఒక్క పుస్తకం గురించి సాహిత్య విద్యార్థులు కూడా తెలుసుకోవడం మంచిది. ఆ భగవంతమే తర్వాతి కాలంలో పుట్టపర్తి బాబా ప్రసంగాలకు ఇంగ్లీషు దుబాసీగా వేదికలెక్కాడు. జ్ఞానానంద సన్యాసం నుంచి ప్రయోగశాలకు నడిస్తే ఈయన ప్రయోగశాల నుంచి ఎటు నడిచాడో చూడండి. విద్య మనిషిని హేతువాదిగా చేసి తీరుతుందని నమ్మేవాళ్ళు ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి.

భగవంతం పుట్టిన ఏడే, ఆ అక్టోబరు నెలలోనే, తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు పుట్టాడు. ఆయనా భౌతికశాస్త్రం విద్యార్థే. కాశీలో ఎం.ఎస్.సి.లో చేరి, ఆర్థికమాంద్యం దెబ్బకు చదువు మధ్యలో వదిలేశాడు. భౌతికశాస్త్రం ఒక శాస్త్రజ్ఞుణ్ణి పోగొట్టుకుంది, తెలుగు ఒక రచయితను సంపాదించుకుంది అని సరదాగా అనుకోవచ్చు గాని, కుటుంబరావు వాక్యంలో కనిపించే ఆ పొడి నిక్కచ్చితనం ప్రయోగశాల వాసన తగిలినవాడిదే. కథలు, నవలలే కాక సైన్సు వ్యాసాలు కూడా విరివిగా రాశాడు. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక శాస్త్రం చదివి, ట్రాంబేలో రేడియేషన్‌ను పసిగట్టే పరికరాల మీద పనిచేసి, తెలుగులో సైన్సు వ్యాసాలు పుష్కలంగా రాసి, 2012లో చనిపోయాడు. సితారు వాయించేవాడు, సంగీతం మీదా రాసేవాడు. అది వేరే సంగతి. ప్రాగ్, లివర్‌పూల్ ప్రయోగశాలల్లో మొదలైన ఆ విద్య, జ్ఞానానంద నెలకొల్పిన శాఖలో చదివిన ఒక మనిషి ద్వారా, చివరికి తెలుగు వాక్యంలోకి దిగింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైన మజిలీ ఇదే. ఎందుకంటే ఇలా దిగిన సందర్భాలు చాలా తక్కువ.

బెజవాడ ఈ పనిలో చేయవలసింది కొంత చేసింది. విశాలాంధ్ర ప్రచురణాలయం 1953 నుంచి ఇక్కడే ఉంది. సోవియట్ సైన్సు పుస్తకాలు కారుచౌకగా దాని దుకాణాల ద్వారా డెల్టా పల్లెలదాకా చేరాయి. పెరెల్మాన్ రాసిన నిత్యజీవితంలో భౌతికశాస్త్రం చదవని బడిపంతులు ఆ రోజుల్లో అరుదు. నండూరి రామమోహనరావు బెజవాడ పత్రికా కార్యాలయంలో కూర్చుని విశ్వరూపం రాశాడు. ఒప్పందాల్లో ఎక్కడా లేని ఈ పని కూడా విద్యా సహకారమే. ఎనభైల తర్వాత సోవియట్ పుస్తకాల రాక ఆగిపోయింది. అంతకు ముందే, 1977లో, రాష్ట్రంలో మొట్టమొదటి ప్రైవేటు ఇంజనీరింగు కళాశాల ఇక్కడే వెలిసింది. ఆ తర్వాత డెల్టా పిల్లలకు సైన్సు అంటే పోటీ పరీక్ష, ఆ పైన అమెరికా వీసా.

మాటల దగ్గర మనం ఎక్కడ ఉన్నామో రచయితలు గమనించాలి. బడి పుస్తకంలో అణువు అంటే పరమాణువులు కలిసినది. నీటి అణువు అంటాం. దానికి లోపలిది పరమాణువు, ఆ లోపలిది కేంద్రకం. బాంబు పేలేదీ, విద్యుత్తు పుట్టేదీ కేంద్రకంలో. కాని పత్రికల్లో అణుబాంబు, అణువిద్యుత్తు. నేనూ ఈ వ్యాసం పొడుగునా ఆ వాడుకనే పాటించాను, ఎందుకంటే పాఠకుడికి అర్థమయ్యే మాట అదొక్కటే. పదోతరగతి పిల్లవాడు బడిలో నేర్చుకున్న మాటకూ, పత్రికలో చదివే మాటకూ మధ్య రెండు మెట్లు తేడా ఉంది. ఇంతమంది విదేశాలకు వెళ్ళి నేర్చుకు వచ్చిన ఒక శాస్త్రానికి, ఇన్నేళ్ళ తర్వాత కూడా, తెలుగులో పేరు స్థిరపడలేదు. పేరే స్థిరపడని విద్య గురించి జనం ఏ భాషలో ప్రశ్న అడుగుతారు?

ఆ ప్రశ్న అడగవలసిన అవసరం మన రాష్ట్రంలోనే వచ్చింది. 2008లో అణు సరఫరా దేశాలు భారతదేశానికి మినహాయింపు ఇచ్చాక మళ్ళీ తలుపులు తెరుచుకున్నాయి. ఈ సారి శిక్షణ కన్నా అమ్మకం ముందు నడిచింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చింది. విశాఖకు ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలో చేపలు పట్టుకు బతికే కొవ్వాడ మొదట ఒక అమెరికన్ కంపెనీకి కేటాయించబడి, 2016లో వెస్టింగ్‌హౌస్ ఆరు రియాక్టర్లకు చోటుగా ప్రకటించబడింది. ఆ మరుసటి ఏడే ఆ కంపెనీ దివాళా పిటీషను పెట్టింది! తమిళనాడులో కూడంకుళం నడిపేవాళ్ళకు రష్యా శిక్షణ ఇచ్చింది. ఒకప్పుడు కింద మెట్టు మీద ఉన్న మనం ఇప్పుడు ఒక మెట్టు ఎక్కాం కూడా: 2018లో రష్యా, బంగ్లాదేశ్‌లతో కుదిరిన ఒప్పందం ప్రకారం బంగ్లాదేశ్‌లోని రూప్పూర్ రియాక్టర్ల కోసం అక్కడి సిబ్బందికి శిక్షణ ఇవ్వడంలో భారతదేశం పాలుపంచుకుంది. హర్యానాలో బహదూర్‌గఢ్ దగ్గర, విదేశీయులకు కూడా అణువిద్య నేర్పే ప్రపంచస్థాయి కేంద్రానికి 2014 జనవరిలో శంకుస్థాపన జరిగింది. వీటిని తక్కువ చేయనవసరం లేదు. నేర్చుకున్నవాడు నేర్పగలగడమే శిక్షణకు అసలు పరీక్ష.

కాని రియాక్టరు పక్కన బతకవలసినవాడు ఈ శిక్షణల్లో ఎక్కడా లెక్కలోకి రాడు. చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగితే, పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్నం వాళ్ళకు మర్నాటి మధ్యాహ్నం దాకా ఊరు ఖాళీ చేయమని చెప్పలేదు. అక్కడ నిపుణులకు కొరత లేదు, జనానికి చెప్పే అలవాటుకే కొరత. మన దేశంలో ఇటువంటి నిర్మాణాలకు ముందు బహిరంగ విచారణ జరపాలి. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం, ఆ విచారణకు ముందు నిర్మాణ సంస్థ సమర్పించే నివేదికలో సారాంశం మాత్రం స్థానిక భాషలో కూడా ఉండాలి. వందల పేజీల అసలు నివేదికను తెలుగులో ఇవ్వాలన్న నిబంధన లేదు. సముద్రపు నీరు ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది, చేపలు ఎంత దూరం పోతాయి, వాడిన ఇంధనాన్ని ఎక్కడ ఎన్నేళ్ళు ఉంచుతారు అన్న లెక్కలు ఉండేది ఆ వందల పేజీల్లో.